.22 బెంచ్‌రెస్ట్ రైఫిల్‌లో గన్‌స్మిత్ పనితనం ఎంత? మంచి బ్యారెల్ కొని బిగించుకుంటే సరిపోదా?

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మీ దగ్గర సీజెడ్ 457 అనే .22 ఫ్యాక్టరీ రైఫిల్ ఉంది. ఒహాయోలో క్లబ్ మ్యాచ్‌లకు వెళ్లి 50 గజాల దూరంలోని టార్గెట్‌ను బెంచ్ మీద రైఫిల్ ఆనించి కాలుస్తున్నారు, దాన్నే బెంచ్‌రెస్ట్ అంటారు. స్కోరు ఒక దగ్గర ఆగిపోయింది. బెంచ్‌రెస్ట్ కోసం ప్రత్యేకంగా రైఫిల్ చేయించుకుందామని ఒక గన్‌స్మిత్‌ను (తుపాకులు తయారుచేసి, సరిచేసే నిపుణుడిని) అడిగితే 6 వేల డాలర్ల పైచిలుకు అవుతుందని, ఏడాది ఆగాలని చెప్పాడు. మీ స్నేహితుడేమో "రెండు స్క్రూలు విప్పి మంచి బ్యారెల్ బిగించుకో, 500 డాలర్లలో అయిపోతుంది, మిగతాదంతా పేరుకు పెట్టే డబ్బు" అన్నాడు. ఆ 6 వేలలో పనితనం ఎంత, పేరు ఎంత అన్నది మీ సందేహం. తర్వాత ఇండియాకు తీసుకెళ్లొచ్చా అని కూడా అడిగారు.

నేను బాలానగర్ సీఐటీడీలో (టూల్ డిజైన్ నేర్పే సంస్థ) చదువుకుని, హైదరాబాద్‌లోనే టూల్ రూమ్‌లో పనిచేసి, తర్వాత అమెరికా వచ్చాను. ఇక్కడ లైసెన్స్ ఉన్న ఒక గన్‌స్మిత్ షాపులో చాలా ఏళ్లుగా బ్యారెల్ పని చేస్తున్నాను. మ్యాచ్‌లకు కూడా వెళ్తాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీ స్నేహితుడు చెప్పిన దాంట్లో నిజం ఉంది. గురి విషయంలో పెద్ద వాటా బ్యారెల్‌దే. కానీ అదే బ్యారెల్‌ను ఇద్దరు వేర్వేరు మనుషులు బిగిస్తే రెండు వేర్వేరు రైఫిళ్లు తయారవుతాయి. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఈ తూటా సంగతి తెలియాలి.

.22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. తూటా అంటే బుల్లెట్, ఇత్తడి గొట్టం, మందు (గన్‌పౌడర్) కలిపిన మొత్తం. మందు అంటించే ప్రైమర్ ఇందులో విడిగా ఉండదు. ఇత్తడి గొట్టం అడుగున మడత పెట్టిన అంచు లోపలే ఆ పదార్థాన్ని నింపుతారు. ట్రిగ్గర్ నొక్కగానే ఫైరింగ్ పిన్ అనే మొన కొట్టి ఆ అంచును నలిపితే అది అంటుకుంటుంది. ఒకసారి నలిగిన అంచు మళ్లీ పనికిరాదు. సెంటర్‌ఫైర్ తూటాలు (ప్రైమర్ అడుగు మధ్యలో విడిగా ఉండేవి) వాడేవాళ్లు ఇంట్లో కూర్చుని మందు తూచుకుంటారు, బుల్లెట్లు ఏరుకుంటారు, తమ రైఫిల్‌కు ఏది నప్పుతుందో చూసుకుని తూటాలు తయారుచేసుకుంటారు. మనకు ఆ అవకాశమే లేదు. ఎలీ, లాపువా, ఆర్‌డబ్ల్యూఎస్ లాంటి కంపెనీలు పెట్టెలో ఏం పెట్టి ఇస్తే అదే కాల్చాలి. తూటాను రైఫిల్‌కు సరిచేసుకునే దారి మూసుకుపోయింది కాబట్టి, రైఫిల్‌నే తూటాకు సరిచేయాలి. ఈ పని అంతా అక్కడి నుంచే పుట్టింది.

ఆ తూటాలో ఉండే మందు ఒక గ్రాములో పదో వంతు కూడా కాదు. అంత కొంచెం మందు ప్రతిసారీ ఒకేలా అంటుకుని, ఒకేలా కాలాలి. ఎంత మంచి మ్యాచ్ తూటా అయినా ఒక పెట్టెలోని 50 తూటాల్లో వేగం తేడా సెకనుకు 6 మీటర్ల దాకా ఉండటం మామూలే. ఒక చిన్న లెక్క చెప్తాను. మ్యాచ్ తూటా సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. 50 గజాలు, అంటే సుమారు 46 మీటర్లు వెళ్లేసరికి అది భూమి వైపు దాదాపు 10 సెంటీమీటర్లు పడుతుంది. వేగంలో 6 మీటర్ల తేడా వస్తే ఆ పడటంలో దాదాపు 4 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. బుల్లెట్ వ్యాసం 5.6 మిల్లీమీటర్లు. ఏఆర్‌ఏ (.22 బెంచ్‌రెస్ట్ పోటీలు నడిపే అమెరికా సంస్థ) టార్గెట్ మీద 25 చుక్కలుంటాయి, ఒక్కోదానికి 100 చొప్పున 2500 పూర్తి మార్కులు. పైగా రంధ్రం గీతను బయటివైపు తాకినా తక్కువ మార్కే వేస్తారు. అలాంటి ఆటలో 4 మిల్లీమీటర్లు అంటే మ్యాచ్ చేజారినట్టే. మీ చెయ్యి వణక్కపోయినా, గాలి లేకపోయినా ఈ తేడా ఉంటుంది. దీన్ని ఎలా తగ్గిస్తారో కింద ట్యూనర్ అనే భాగం గురించి చెప్పేటప్పుడు చెప్తాను.

ఇక బ్యారెల్. షిలెన్, లిల్యా, బెంచ్‌మార్క్, హార్ట్ లాంటి వాళ్లు బ్లాంక్‌లు, అంటే ఇంకా రైఫిల్‌కు అమర్చని బ్యారెల్ కడ్డీలు అమ్ముతారు. 416ఆర్ రకం స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీకి పొడుగునా రంధ్రం వేసి, రీమర్‌తో (రంధ్రాన్ని సరైన కొలతకు కోసే పనిముట్టు) నునుపు చేసి, అందులోంచి కార్బైడ్ బటన్‌ను లాగుతారు. ఆ బటన్ లోహాన్ని చెక్కదు, నొక్కుతుంది. లోపల మెలికల గాడులు అలాగే పడతాయి. మన తూటాకు 16 అంగుళాలకు ఒక చుట్టు మెలిక అన్నది అందరూ వాడే లెక్క. నొక్కి చేసిన పని కాబట్టి లోహంలో ఒత్తిడి మిగిలిపోతుంది. దాన్ని వేడిచేసి తీసేస్తారు. ఎంత తీసినా కొంత మిగలొచ్చు. ఇప్పుడు బరువు తగ్గించాలని ఆ బ్యారెల్ బయటి భాగాన్ని లేత్ మీద సన్నగా తీశారనుకోండి. పైన పట్టి ఉంచిన లోహం పోయేసరికి లోపలి రంధ్రం అక్కడ కాస్త విచ్చుకుంటుంది. మామూలుగా సన్నగా తీసేది మూతి వైపు, అంటే బుల్లెట్ బయటికొచ్చే చివర. అంటే రంధ్రం అన్నింటికన్నా బిగువుగా ఉండాల్సిన చోటే వదులవుతుంది. బెంచ్‌రెస్ట్ బ్యారెళ్లు చివరిదాకా లావుగా ఉండటానికి బరువు అవసరం ఒక కారణమైతే, ఇది రెండో కారణం.

మంచి తయారీదారు చివర్లో ల్యాపింగ్ చేస్తాడు. కరిగిన సీసాన్ని ఆ రంధ్రంలోనే పోసి ఒక కడ్డీ చివర అచ్చు తీస్తారు. ఆ అచ్చుకు రాపిడి పొడి కలిపిన నూనె పట్టించి లోపల ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. సీసానికి గాడుల ఆకారం ఉన్నదున్నట్టు వచ్చేస్తుంది కాబట్టి బిగువుగా ఉన్న చోటే ఎక్కువ అరుగుతుంది. ఎక్కడ ఎన్నిసార్లు ఆడించాలో చేతికి తెలియాలి. దీన్ని మిషన్‌కు అప్పగించి అంతే ఫలితం తెచ్చినవాళ్లను నేనైతే చూడలేదు.

బ్లాంక్ షాపుకు వచ్చాక గన్‌స్మిత్ మొదట చేసే పని చూస్తే మీకు ఆ 6 వేలలో ఒక భాగం అర్థమవుతుంది. రంధ్రాన్ని బాగా శుభ్రం చేసి, పల్చగా నూనె రాసి, మెత్తటి సీసం ముక్కను ఒక చివర నుంచి లోపలికి దింపుతాడు. తర్వాత కడ్డీతో మెల్లగా, వేళ్లతోనే తోస్తాడు. ఆ సీసం ముక్క గాడుల్లో తిరుగుతూ వెళ్తుంటే కడ్డీ కూడా చేతిలో మెల్లగా తిరుగుతుంది. బ్యారెల్ బాగుంటే మొదటి నుంచి చివరి దాకా పట్టు ఒకేలా ఉండి, మూతికి దగ్గరవుతున్న కొద్దీ కొంచెం కొంచెం బిగుస్తుంది. ఒక్కోసారి మధ్యలో కడ్డీ చటుక్కున జారుతుంది. అక్కడ రంధ్రం వదులు. కొలిస్తే అది అంగుళంలో పదివేలో వంతో, రెండు వంతులో. గేజ్ కూడా తడబడే ఆ తేడాను వేళ్లు పట్టేస్తాయి. అలా జారిన చోటు మూతికి దగ్గరగా ఉంటే బ్యారెల్‌ను అక్కడి దాకా కోసేయాలి, లేదా వెనక్కి పంపేయాలి. బిగువుగా ఉన్న చోటు చూసి అక్కడ బయటికి గుర్తు పెట్టుకుంటారు, మూతిని అక్కడే కోస్తారు. కాబట్టి "24 అంగుళాల బ్యారెల్ కావాలి" అని పట్టుబట్టకండి. 23న్నర దగ్గర మంచి బిగువు కనిపిస్తే బ్యారెల్ పొడుగు 23న్నరే.

సీసం బుల్లెట్ మెత్తన. వదులుగా ఉన్న చోటికి వచ్చి గాడుల మీద పట్టు తప్పితే, ఆ తర్వాత బిగువు వచ్చినా పక్కల నుంచి వేడి గ్యాస్ కొంత ముందే జారిపోతుంది. బయటికొచ్చే బుల్లెట్ అడుగు అంచు ప్రతిసారీ ఒకేలా ఉండదు. మూతి దగ్గర బుల్లెట్‌ను గట్టిగా పట్టుకుని వదిలే బ్యారెల్ కావాలనేది అందుకే.

తర్వాత చాంబర్, అంటే బ్యారెల్ వెనక చివర తూటా కూర్చునే చోటు. నా దృష్టిలో మనిషికీ మనిషికీ తేడా తెలిసేది ఇక్కడే. .22 తూటాలో బుల్లెట్, ఇత్తడి గొట్టం రెండూ ఒకే లావు. బుల్లెట్ అడుగు భాగం మాత్రం సన్నబడి గొట్టంలోకి దూరి ఉంటుంది. మ్యాచ్ చాంబర్‌లో తూటాను లోపలికి తోసి బోల్ట్ (చాంబర్‌ను వెనక నుంచి మూసే భాగం) మూసేసరికే బుల్లెట్ ముందు భాగం గాడుల్లోకి కాస్త దిగి కూర్చోవాలి. సరిగ్గా మధ్యలో కూర్చుంటే తిన్నగా బయల్దేరుతుంది. పక్కకు ఒరిగి కూర్చుంటే ఆ ఒరుగుతోనే గాడుల్లోకి నలుగుతుంది. మెత్తటి సీసం కదా, ఒకసారి వంకరగా నలిగితే బ్యారెల్ దాన్ని సరిచేయలేదు.

అందుకని బ్యారెల్‌ను లేత్‌లో పెట్టేటప్పుడు బయటి ఉపరితలాన్ని లెక్కలోకి తీసుకోరు. లేత్‌లో తిరిగే బోలు ఇరుసు (స్పిండిల్) రెండు చివర్లా నాలుగేసి స్క్రూలతో పట్టి, పొడుగాటి ముల్లున్న డయల్ గేజ్‌ను రంధ్రం లోపలికి పంపి, గాడుల మీదే ఆనించి తిప్పుతారు. ముల్లు కదలడం ఆగేదాకా ఒక స్క్రూ వదులు, ఎదుటిది బిగువు. ఆ గేజ్ మీద ఒక గీత అంటే అంగుళంలో పదివేలో వంతు, మన టూల్ రూమ్ భాషలో రెండున్నర మైక్రాన్లు. ఇంకో చిక్కు కూడా ఉంది. పొడుగ్గా వేసిన ఏ రంధ్రమూ నూటికి నూరు పాళ్లు తిన్నగా ఉండదు, ఎంతో కొంత వంపు ఉంటుంది. చాంబర్ వైపు సరిగ్గా మధ్యకు తెస్తే మూతి వైపు పక్కకు తిరుగుతుంది. మూతి ఏ వైపు చూస్తుందో గుర్తుపెట్టుకుని, ఆ వంపు పైకి వచ్చేలా యాక్షన్‌కు (బ్యారెల్ వెనక బోల్ట్ ఉండే లోహపు భాగం) బిగించే గన్‌స్మిత్‌లున్నారు. నేనూ అలాగే చేస్తాను.

రీమర్ ఒకేసారి లోపలికి దింపే పనిముట్టు కాదు. కొద్దికొద్దిగా కోయాలి, బయటికి తీయాలి, పొట్టు తుడవాలి, నూనె వేయాలి, మళ్లీ దింపాలి. ఒక్క ఇనుప రజను రీమర్ అంచుకు అతుక్కుపోతే చాంబర్ గోడ మీద గీత పడుతుంది. పని అయ్యాక నిజమైన తూటా పెట్టి, బోల్ట్ మూసి, కాల్చకుండా బయటికి తీసి భూతద్దంలో చూస్తాను. బుల్లెట్ చుట్టూ గాడుల గుర్తులు ఒకే పొడుగులో ఉండాలి. ఒక పక్క పొడుగ్గా, ఇంకో పక్క చుక్కలా ఉందంటే ఆ చాంబర్ మధ్యలో లేదు, అంతే. మీ 457తో కూడా ఈ పరీక్ష రేంజ్‌లో చేసుకోవచ్చు. తూటా తీసేటప్పుడు మాత్రం బ్యారెల్ టార్గెట్ వైపే ఉండాలి.

హెడ్‌స్పేస్ గురించి ఒక హెచ్చరిక. తూటా అంచు మందం సుమారు ఒక మిల్లీమీటరు. బోల్ట్ ముఖానికీ బ్యారెల్‌కూ మధ్య దానికి సరిపడా చోటే ఉండాలి, ఆ చోటే హెడ్‌స్పేస్. ఎక్కువైతే పిన్ దెబ్బలో కొంత తూటాను ముందుకు తోయడానికే పోతుంది, మందు అంటుకోవడంలో తేడా వస్తుంది. మరీ ఎక్కువైతే అంచు పగిలి గ్యాస్ ముఖం మీదికి కొడుతుంది. కాబట్టి ఇంట్లో యూట్యూబ్ చూసి ప్రయత్నించే పని కాదిది. లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ చేతే చేయించండి.

ఫైరింగ్ పిన్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకు మాత్రం బ్యారెల్ తర్వాత అంత ముఖ్యమైనది ఇదే. కాల్చిన ఇత్తడి గొట్టాలు ఒక పది వరుసగా పెట్టి అంచు మీద దెబ్బ గుర్తు చూడండి. ఒకే చోట, ఒకే లోతులో, ఒకే ఆకారంలో ఉందా? కొన్నిట్లో అంచును దాటి లోపలికి పడిందా? ఒక్కో గుర్తు ఒక పక్కకు వాలిందా? దెబ్బ మారితే మందు అంటుకునే తీరు మారుతుంది, వేగం మారుతుంది. వేగం మారితే ఏమవుతుందో పైన లెక్క చూశారు. టర్బో లాంటి బెంచ్‌రెస్ట్ యాక్షన్లు, పాత రెమింగ్టన్ 40-ఎక్స్, ఆన్షూట్జ్ 54 లాంటివి ఈ ఆటలో ఇన్నేళ్లు నిలిచాయంటే పెద్ద కారణం వాటి పిన్, స్ప్రింగ్, బోల్ట్ ప్రతిసారీ ఒకే చోట ఆగడం. గన్‌స్మిత్ పిన్ కొసను ఆకారానికి తెస్తాడు, స్ప్రింగ్ మారుస్తాడు, పిన్ దారిలో ఎక్కడా రాపిడి లేకుండా చూస్తాడు. దెబ్బ ఎక్కువైతే మంచిదనుకోకండి. గట్టి దెబ్బకు రైఫిల్ మొత్తం అదురుతుంది, అది గురికి చేటు. తూటా లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కే అలవాటుంటే మానేయండి. కొన్ని రైఫిళ్లలో పిన్ నేరుగా చాంబర్ అంచును కొట్టి సొట్ట చేస్తుంది, తర్వాత తూటా దిగడమే కష్టమవుతుంది.

క్రౌన్, అంటే మూతి చివరి అంచు. దాని కోణం 11 డిగ్రీలా, సమతలమా అని గంటలకొద్దీ వాదించుకుంటారు. నా అనుభవంలో కోణం కన్నా ఆ అంచు చుట్టూ ఒకేలా, చిన్న ముక్క కూడా లేవకుండా ఉండటమే ముఖ్యం. కొన్ని రౌండ్లు కాల్చాక మూతి మీద మసి నక్షత్రంలా పడుతుంది. దాని కొసలన్నీ ఒకే పొడుగులో ఉంటే సంతోషించండి.

బెడ్డింగ్ అంటే స్టాక్‌లో (రైఫిల్‌ను పట్టుకునే చట్రం) యాక్షన్ కూర్చునే తీరు. దానికి ఒక పరీక్ష ఉంది, మీరే చేయొచ్చు. ఖాళీ రైఫిల్‌ను మెత్తటి దన్ను మీద పెట్టి, డయల్ గేజ్‌ను బ్యారెల్‌కు బిగించి, దాని ముల్లును స్టాక్ ముందు కొసకు ఆనించండి. ఇప్పుడు యాక్షన్ స్క్రూల్లో ఒకటి మెల్లగా వదులు చేయండి. ముల్లు కదలకపోతే, లేదా ఒకటి రెండు థౌ (ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) లోపే కదిలితే యాక్షన్ సుఖంగా కూర్చుందని అర్థం. పది థౌ కదిలిందా, మీరు స్క్రూ బిగించిన ప్రతిసారీ యాక్షన్‌ను వంచుతున్నారన్నమాట. అది వేడికీ తేమకూ రోజుకో రకంగా వంగుతుంది. స్టాక్‌లో యాక్షన్ కింద ఎపాక్సీ పోసి, ఎక్కడా ఒత్తిడి లేకుండా గట్టిపడనిచ్చి, స్క్రూల చుట్టూ లోహపు పిల్లర్లు వేయడం అందుకే. బ్యారెల్ మాత్రం స్టాక్‌ను ఎక్కడా తాకకూడదు. స్టాక్ ఆకారం కూడా చూడండి. అడుగున ముందు భాగం సమతలంగా, 3 అంగుళాల వెడల్పులో ఉంటే రెస్ట్ మీద పక్కకు ఒరగదు. వెనక భాగం అడుగు, బ్యారెల్ రంధ్రానికి సమాంతరంగా ఉంటే రైఫిల్ వెనక్కి జరిగినప్పుడు గురి పైకీ కిందికీ పోదు.

ఇక ట్యూనర్. బ్యారెల్ చివర మరతో తిరిగే ఒక బరువు, గీతలు గీసి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కిన క్షణం నుంచి బ్యారెల్ పైకీ కిందికీ వణుకుతుంది. బుల్లెట్ బ్యారెల్ దాటడానికి పట్టేది 2 మిల్లీసెకన్ల పైచిలుకు. వేగంగా వచ్చిన బుల్లెట్ కొంచెం ముందు బయటపడుతుంది, నెమ్మదిగా వచ్చింది కొంచెం ఆలస్యంగా. ఆ సమయంలో మూతి పైకి లేస్తూ ఉంటే, ఆలస్యంగా వచ్చిన నెమ్మది బుల్లెట్‌కు కాస్త ఎక్కువ ఎత్తు దొరుకుతుంది. దారిలో ఎక్కువ పడినా, ఎత్తుగా బయల్దేరింది కాబట్టి 50 గజాల దగ్గర రెండూ ఒకే చోట తగులుతాయి. బ్రిటిష్ సైన్యం వాడిన పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు దూరపు గురిలో ఆశ్చర్యంగా బాగా కాలుస్తాయని బ్రిటిష్ షూటర్లు గమనించింది ఈ గుణాన్నే. మనం ట్యూనర్‌ను తిప్పి ఆ వణుకు లయను మార్చుకుని, బుల్లెట్ బయటపడే సమయానికి మూతి పైకి లేచేలా తెచ్చుకుంటాం. పైన చెప్పిన ఆ 4 మిల్లీమీటర్లలో చాలాభాగం ఇక్కడే కరిగిపోతుంది.

గాలి లేని పూట, వీలైతే ఇండోర్‌లో, ట్యూనర్ మీది ఒక్కో గీత దగ్గర కొన్ని గ్రూపులు (ఒకే గురితో వరుసగా కాల్చిన రంధ్రాల గుంపులు) కాల్చి నిలువు తేడాను మాత్రమే చూడండి. అడ్డం తేడా గాలిది, దాన్ని చూసి ట్యూనర్ తిప్పితే మీరెక్కడున్నారో మీకే తెలియకుండా పోతుంది. నిలువు తేడా తగ్గుతూ వచ్చి, మళ్లీ పెరిగే చోట ఆగి, వెనక్కి రండి. ట్యూనర్ బిగించే స్క్రూ వదులుగా ఉంటే ఈ శ్రమంతా వృథా. నేను చూసిన "పాడైపోయిన" రైఫిళ్లలో కొన్నిటికి ఉన్న జబ్బు అదే. ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి: ట్యూనర్ చెడ్డ బ్యారెల్‌ను మంచిది చేయదు. అది వేగం తేడాను సర్దుతుంది, వంకరగా బయల్దేరిన బుల్లెట్‌ను సర్దలేదు.

తూటాల లాట్, అంటే ఒకే విడతలో తయారైన తూటాల గురించి చెప్పకపోతే ఈ సమాధానం పూర్తికాదు. ఒకే పేరున్న ఎలీ టెనెక్స్ పెట్టెలైనా లాట్ మారితే మీ బ్యారెల్‌కు వేరే తూటా కిందే లెక్క. పెట్టె మీద లాట్ నంబరుతో పాటు ఆ లాట్ వేగం కూడా ముద్రించి ఉంటుంది, చూడండి. లాపువాకు మీ దగ్గరే, ఒహాయోలోని మరెంగోలో పరీక్షా కేంద్రం ఉంది. అరిజోనాలోని మెసాలో ఇంకొకటి ఉంది. అక్కడ మీ రైఫిల్‌ను బిగించి వేర్వేరు లాట్లు కాల్చి ఎలక్ట్రానిక్‌గా కొలిచి చూపిస్తారు. బాగా కాలిన లాట్‌ను అక్కడే ఎక్కువ మొత్తంలో కొనుక్కోవచ్చు. గన్‌స్మిత్‌కు 6 వేలు ఇచ్చి, తూటాలు మాత్రం దొరికినవి కొనేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. బ్రాండ్ మార్చినప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. బుల్లెట్ మీద పూసే మైనం, కొవ్వు ఒక్కో కంపెనీది ఒక్కో రకం. పాత పూత పోయి కొత్తది బ్యారెల్ లోపల పరుచుకునేదాకా వచ్చే గ్రూపులను నమ్మొద్దు. చాంబర్ ముందు పేరుకునే గట్టి మసిని మాత్రం వదిలేయకండి. అది గట్టిపడితే బుల్లెట్ దిగే తీరే మారిపోతుంది.

వేగం ఎక్కువున్న తూటాలు వాడితే గాలి తక్కువ లాగుతుందేమో అని మీరు మధ్యలో ఒక వాక్యం రాశారు. .22లో ఇది తిరగబడుతుంది. ధ్వని వేగాన్ని దాటి బయల్దేరిన బుల్లెట్ దారిలో వేగం చాలా త్వరగా కోల్పోతుంది. గాలి పక్కకు నెట్టేది ఆ కోల్పోయిన సమయాన్ని బట్టే. అందుకే మ్యాచ్ తూటాలన్నీ ధ్వని వేగానికి కాస్త కిందే ఉంటాయి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. సీజెడ్ 457లో బ్యారెల్ మర లేకుండా యాక్షన్‌లోకి దూరి, రెండు స్క్రూలతో బిగుస్తుంది. ఎవరైనా మార్చుకోగలిగేలా ఆలోచించి చేసిన మంచి డిజైన్ అది. బయట దొరికే మంచి మ్యాచ్ బ్యారెల్ అందులో పెడితే మీ గ్రూపులు తప్పకుండా బాగుపడొచ్చు. కానీ ఆ బ్యారెల్‌ను ఎవరూ మీ కోసం సీసంతో తోసి చూడలేదు. దాని మూతి బిగువు చూసి కోసింది కాదు, క్యాటలాగ్‌లో ఉన్న పొడుగుకు కోసింది. దాని చాంబర్ మీ బోల్ట్‌ను చూసి కోసింది కాదు. అన్నీ కలిసిరావచ్చు, రాకపోవచ్చు. గన్‌స్మిత్ పనికి ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం ఆ "రాకపోవచ్చు"ను తీసేయడానికే. వెనక్కి పంపిన బ్లాంక్‌లు, కోసి పారేసిన ముక్కలు, మళ్లీ మొదటి నుంచి చేసిన క్రౌన్లు ఆ బిల్లులో కనిపించవు. యాక్షన్, ట్రిగ్గర్, స్టాక్, బ్యారెల్ ధరలు కలిపితేనే మొత్తం బిల్లులో సగం పైన అవుతుంది. మీకు చెప్పిన ధర అన్యాయమని నాకనిపించలేదు.

అయినా రేపే అడ్వాన్స్ ఇవ్వమని చెప్పను. మీ స్థానంలో ఉంటే నేను ముందు 457కు బెడ్డింగ్ పరీక్ష చేస్తాను, ట్యూనర్ పెడతాను, మరెంగో వెళ్లి లాట్ ఎంచుకుంటాను, నాలుగు గాలి జెండాలు కొని ఒక సీజన్ వాటిని చూస్తూ కాలుస్తాను. స్కోరు ఆగిపోవడానికి కారణం రైఫిలా, గాలా అన్నది అప్పుడు తేలుతుంది. మీ మ్యాచ్‌ల్లో ఫ్యాక్టరీ రైఫిళ్లకు వేరే తరగతి ఉందేమో కూడా కనుక్కోండి, ఆ తరగతిలో 457 పరువు నిలబెడుతుంది.

గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లినప్పుడు ఇవి అడగండి: బ్లాంక్ తోసి చూస్తారా, నచ్చకపోతే ఎవరి ఖర్చుతో వెనక్కి పోతుంది? చాంబర్‌కు ఏ రీమర్ వాడతారు, ఏ తూటాను దృష్టిలో పెట్టుకుని? అప్పగించే ముందు తానే కాల్చి చూస్తాడా, ఏ లాట్‌తో చూశాడో రాసిస్తాడా? ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా, ఉత్సాహంగా జవాబిచ్చే మనిషి దొరికితే ఏడాది ఆగినా నష్టం లేదు. ఇంకో దారి కూడా ఉంది. మ్యాచ్‌ల్లో మీ కళ్ల ముందే గెలుస్తున్న రైఫిల్‌ను, దాని యజమాని కొత్తది చేయించుకున్నప్పుడు కొనడం. సీసం బుల్లెట్, తక్కువ ఒత్తిడి కాబట్టి .22 బ్యారెల్ సెంటర్‌ఫైర్ బ్యారెల్‌లా త్వరగా అరిగిపోదు. మిగిలిన లాట్ తూటాలు కూడా అమ్ముతారేమో అడగండి, అవి రైఫిల్‌తో పాటు రావాలి.

ఇండియా సంగతి. అక్కడ 1959 ఆయుధాల చట్టం ప్రకారం .22 రైఫిల్‌కైనా లైసెన్స్ ఉండి తీరాలి. దిగుమతికి వేరే అనుమతి కావాలి, అమెరికా నుంచి బయటికి పంపడానికి ఇక్కడి అనుమతులు వేరు. సామానుతో పాటు సర్దుకెళ్లే వస్తువు కాదు. 50 మీటర్ల రైఫిల్ పోటీలు మాత్రం అక్కడ ఇదే తూటాతో జరుగుతాయి. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచారు, 50 మీటర్ల ప్రోన్‌లో కూడా పోటీపడ్డారు. తిరిగి వెళ్లే ఆలోచన గట్టిగా ఉంటే ఖరీదైన రైఫిల్ చేయించుకునే ముందే ఆ లైసెన్స్ వ్యవహారం తెలిసిన లాయర్‌తోనో, అక్కడి రైఫిల్ అసోసియేషన్‌తోనో మాట్లాడండి.

బెడ్డింగ్ పరీక్షలో ముల్లు ఎంత కదిలిందో, కాల్చిన గొట్టాల మీద పిన్ గుర్తులు ఎలా ఉన్నాయో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఆ రెండూ చూస్తే ముందు దేని మీద డబ్బు పెట్టాలో చెప్పగలను.